ఒకే పెట్టెలో పదిమంది సరకు

(మన సంఘపు వర్తకుల సమావేశమున చేయబడిన ప్రసంగము)



ఓడల మీద సరకు పంపు వర్తకమును గూర్చి మాటలాడవలసినదని సంఘమువారు నన్ను కోరిరి. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన వాడను. కాగితము, ఫైళ్లు, రిజిష్టర్లు అమ్ముకొని జీవించువాడను. కావున నేను ఎరిగిన ఈ కార్యాలయ సామగ్రిని గూర్చియే చెప్పెదను.

హార్న్‌బీ వెల్లార్డు కట్టపడి పల్లపు నేలలు ఆరిన పిమ్మట, నిజాము రాజ్యమునుండి వచ్చిన మన పూర్వులు ఈ నగరమున రాళ్లు మోసిరి, గోడలు లేపిరి. కామాఠీపురా యను పేరు వారివలననే వచ్చినది. 1880లో ప్రిన్సెస్ డాకును, 1914లో నేడు ఇందిరా డాకు అనబడు అలెగ్జాండ్రా డాకును తెరువబడినవి. మన గల్లీలనుండి ఆ రేవులకు నడచియే పోవచ్చును. అయినను ఇన్ని తరములుగా మనవారిలో ఇతరుల మూటలు మోసినవారు కలరుగాని తమ సరకును ఓడకెక్కించినవారు అరుదు.

పెట్టుబడి లేకపోవుటయే ఇందుకు కారణమని పలువురందురు. నేనంత మాత్రమే యని తలంపను. లెక్క చూపెదను, వినుడు.

నేటి సముద్ర వర్తకమంతయు ఇనుప పెట్టెలమీద నడచుచున్నది. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అను లారీల వర్తకుడు 58 పెట్టెలను ఒక ఓడమీద పంపుటతో ఈ పద్ధతి బలపడినది. మనకు 1989లో నావా షేవా రేవు వచ్చినది. పెట్టె నిండ సరకులేని చిన్నవానికి, పలువురి సరకును కలిపి పంపు ఎల్.సి.ఎల్. అను పద్ధతి కలదు. అందు ఘనపు మీటరుకు గాని టన్నుకు గాని, ఏ లెక్క అధికమైన ఆ లెక్కకు కిరాయి కట్టుదురు. మన సామగ్రి ఘనపు మీటరుకు టన్ను తూగదు. కావున మనము ఎల్లప్పుడును చోటుకే డబ్బు చెల్లించుచున్నాము. అట్ట ఫైలును చూడుడు: ఒక అంచు లావు, మరియొక అంచు పలుచన. అన్నిటిని ఒకే ముఖముగా పేర్చినవాడు గాలిని ఎగుమతి చేయుచున్నాడు! ఒకదానికొకటి ఎదురుగా త్రిప్పి పేర్చినచో డబ్బా ఎంతయో తగ్గును. ఇది మన ఇండ్లలో ఫైళ్లు అతికించు స్త్రీలకు ఎవరును నేర్పనక్కరలేదు, పదడుగుల గదిలో సంసారము సర్దుకొన్నవారు కదా!

ఇక పూర్తి పెట్టె మాట. 75 జి.ఎస్.ఎం. ఏ-4 కాగితము రీము, అనగా 500 కాగితములు, ఇంచుమించు 2 కిలోల 340 గ్రాములు తూగును. నలువది అడుగుల పెట్టెలో సుమారు 67 ఘనపు మీటర్ల చోటుండును. మోయదగిన బరువు సుమారు 26 టన్నులు. రీములు మాత్రమే నింపినచో చోటులో మూడింట రెండు వంతులు నిండకమునుపే బరువు హద్దు ముట్టును. తక్కిన చోటు ఖాళీగానే మొంబాసాకో జెబెల్ అలీకో పోవును. ఫైళ్లు మాత్రమే నింపినవానికి చోటు తీరిపోవును, బరువు మిగిలిపోవును. ఇరువురును నష్టపోవువారే. వీరిరువురును ఒకే పెట్టెలో, క్రింద కాగితము, పైన ఫైళ్లు వేసిరనుకొనుడు. ఒకరి ఖాళీని మరియొకరు పూరింతురు. కాగితపు వర్తకుడు, లెక్కల పుస్తకములు కుట్టువాడు, ఫైళ్లు చేయువాడు మన పేటలోనే కలరు. ఎవరి ఐ.ఇ.సి. సంఖ్య వారిదే, ఎవరి షిప్పింగు బిల్లు వారిదే. పెట్టె మాత్రము ఉమ్మడి. ఫార్వర్డరు ఎవరి సరకునకు వారికి వేరు బిల్ ఆఫ్ లేడింగు ఇచ్చును. నేనీ దినమున సభ ముందు ఉంచునది ఈ ఒక్క ప్రతిపాదనయే.

ఇందు చిక్కు లేదని చెప్పను. ఒకని కాగితము తప్పైనను కస్టమ్సువారు పెట్టెనంతయు నిలుపుదురు. 2016 జూలై 1 నుండి నింపిన పెట్టె తూకమును ధ్రువపరచి తెలుపనిదే ఓడకెక్కింపరు. ఒకడు బరువు దాచిన పదిమంది లెక్కయు తప్పును. అంతకంటె భయంకరమైనది, ప్రమాదకరమైన సరకును దాచుట. తెల్లరంగు వైట్‌నరులలోను, కొన్ని జిగురులలోను మండు ద్రవములుండును. లిథియం బ్యాటరీ గల కాల్క్యులేటరు సైతము ప్రత్యేక నియమములకు లోబడినది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టైకిన్ అను ఓడ పేలి వందలమంది చనిపోయిరి. అందు ప్రత్తి బేళ్లును ప్రేలుడు పదార్థములును ఒకే ఓడలో నుండెను. రేవు ప్రక్కన బ్రతుకు మనకు ఆ కథ వేరుగ చెప్పవలెనా?

కావున ఉమ్మడి పెట్టెకు కావలసినది ఒకరినొకరు నమ్ముట. మనలో కులసంఘములు వేరు, గల్లీలు వేరు, పండుగ మంటపములు కూడ వేరు. కామాఠీపురా పునర్నిర్మాణము మాట నడుచుచున్న ఈ దినములలో ఎవని కొట్టు ఎచ్చటికి మారునో తెలియదు. చెదరిన పిమ్మట కలియుట కష్టము. ఆ దృష్టితోనే నేను తొందరపడుచున్నాను, పెద్దలు మన్నింతురుగాక.

బిల్ ఆఫ్ లేడింగును గూర్చి యువకులకు ఒక మాట. అది రసీదు మాత్రమే కాదు. 'ఆర్డరు'కు వ్రాయబడినచో వెనుక సంతకముతో అసలు ప్రతి ఎవని చేతికి వచ్చిన, సరకు వానిది. మా ప్రక్క గల్లీ చిన్నవాడొకడు గల్ఫు రేవునకు రిజిష్టర్లు పంపెను. కొనువాడు మూడవవంతు సొమ్ము ముందిచ్చి, ఓడ కదలిన దినముననే, "నాయనా, అసలు ప్రతులు పంపుము, రేవు అద్దె పడును" అని తొందరించెను. చిన్నవాడు మూడు ప్రతులును పంపివేసెను. సరకు దిగినది, తక్కిన సొమ్ము నేటికిని రాలేదు. తల్లి మెడలోని గొలుసు కుదువబెట్టి కొన్న కాగితమది. ప్రతులను బ్యాంకు ద్వారా పంపి, సొమ్ము చెల్లించినవానికే ఇమ్మని వ్రాయవలెను. కొనువాడు ఎగవేసిన నష్టములో కొంత భరించుటకు ఇ.సి.జి.సి. అను ప్రభుత్వ సంస్థ కలదు. 1957లో వేరొక పేరుతో స్థాపింపబడిన ఈ సంస్థకు ప్రధాన కార్యాలయము మన ముంబయిలోనే యున్నది.

బీమా లేక ఒక్క డబ్బాను గూడ పంపరాదు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అను ఓడ సూయెజు కాలువలో ఆరు దినములు చిక్కుకొనినది. పిదప ఓడ యజమానులు 'జనరల్ ఆవరేజి' ప్రకటించిరి. అనగా ఓడను రక్షించుటకైన ఖర్చును సరకుదారులందరును పంచుకొనవలెను. మన సరకు చెక్కుచెదరకున్నను సరే, పూచీ చూపనిదే విడువరు. బీమా ఉన్నవానికి కంపెనీ పూచీపడును, లేనివాడు రొక్కము కట్టవలెను.

తేమ కాగితమునకు శత్రువు. పెట్టె వచ్చినపుడు ఒకడు లోపల నిలిచి తలుపులు మూయించుకొనవలెను; ఎచ్చటనైన వెలుగు కనబడినచో ఆ పెట్టెను త్రిప్పిపంపుడు. వెలుగు వచ్చు చోట నీరును వచ్చును. చెక్కపలకలు వేడిచేసి ముద్రవేయబడినవై యుండవలెను, లేనిచో ఆవలి రేవున తిరస్కరింతురు. తేమను పీల్చు సంచులు వ్రేలాడదీయుడు. వానకాలమున లారీ నుండి పెట్టెలోనికి మార్చునపుడు పైకప్పున్న చోటనే మార్పించుడు, ఎవరెంత తొందర చేసినను.

మొదటి పెట్టెలో చేరదలచినవారు వచ్చు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు రండు. సరకు పేరు, ఒక్కొక్క డబ్బా పొడవు వెడల్పు ఎత్తులు సెంటీమీటర్లలోను, బరువు కిలోలలోను వ్రాసికొని రావలెను. ఉజ్జాయింపు వలదు, తూచి వ్రాయుడు. కాటా లేనివారు నా కొట్టునకు వచ్చి తూచుకొనవచ్చును.