ఖిద్మత్ మన బాధ్యత, వైద్యం ప్రభుత్వ బాధ్యత

(వృద్ధుల ఆరోగ్య సంరక్షణపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)





మన తెలుగు నేలపై నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆసుపత్రి. కాన్పుకో ఆపరేషనుకో చేరతాం, బిల్లు కట్టి ఇంటికి వస్తాం. పక్షవాతంతో మంచానపడిన తండ్రికి, జ్ఞాపకశక్తి నశించిన తల్లికి ఏళ్ల తరబడి నర్సు సేవలందించే చోటు అన్న అర్థం ఆ మాటకు ఇక్కడ లేదు. పేదలకు అందుబాటులో అటువంటి చోటే లేనప్పుడు ఆ అర్థం ఎక్కడినుంచి వస్తుంది? ఆసుపత్రివారు ఇక ఇంటికి తీసుకువెళ్లమంటారు. ఇంట్లో ఆ భారం కోడలి మీదో, పెళ్లికాని కూతురి మీదో పడుతుంది.

మేము తల్లిదండ్రులను ఆశ్రమాలకు పంపమని మనలో చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. అది మంచి మాటే. అల్లాహ్ తన ఆరాధన తర్వాత తల్లిదండ్రుల పట్ల సద్వర్తననే ఆదేశించాడు. వృద్ధులైన వారి ముందు విసుగుతో ఒక్క మాట కూడా అనవద్దన్నాడు. ఈ విషయంలో విశ్వాసికి రెండో అభిప్రాయం ఉండదు. అయితే ఖిద్మత్ వేరు, వైద్యం వేరు. అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం, రాత్రంతా పక్కన కూర్చోవడం ఖిద్మత్. పడక పుండుకు కట్టు కట్టడం, మూత్రం గొట్టం మార్చడం, చచ్చుబడిన కాలికి ఫిజియోథెరపీ చేయడం, నొప్పికి తగిన మోతాదులో మందివ్వడం వైద్యం. దానికి శిక్షణ కావాలి, నిధులు కావాలి. మనం గర్వంగా చెప్పుకునే మాటనే ప్రభుత్వాలు తమ ఖర్చు తప్పించుకునేందుకు సాకుగా వాడుకుంటున్నాయి.

చట్టాన్నే చూడండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. బిడ్డల విషయంలో అది ఖండితంగా మాట్లాడుతుంది. నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇమ్మని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. వృద్ధులను వదిలేస్తే మూడు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ప్రభుత్వం వంతు వచ్చేసరికి స్వరం మారుతుంది. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలను ప్రభుత్వం 'స్థాపించవచ్చు' అంటుంది 19వ సెక్షను. 'స్థాపించి తీరాలి' అనదు. బిడ్డకు తప్పనిసరి, ప్రభుత్వానికి ఐచ్ఛికం!

ఇక నిధుల సంగతి. 2025 నాటికి ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం వాగ్దానం చేసింది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో అది 1.84 శాతమే. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం ప్రజలు జేబులోంచి పెట్టుకున్నదే. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైనప్పుడు ఖర్చులో 80 శాతం కేంద్రం భరించేది. ఇప్పుడు మన రాష్ట్రాలకు ఆ వాటా 60 శాతం. కేంద్రం దించుకున్న బరువును రాష్ట్రం ఎత్తుకోకపోతే అది చివరికి రోగి మంచం దగ్గరే ఆగుతుంది.

ఉన్నది తగ్గించడమే కోత కాదు. ధరలు పెరుగుతుంటే ఇచ్చేది పెంచకపోవడం కూడా కోతే. 2007లో ప్రారంభమైన ఇందిరా గాంధీ వృద్ధాప్య పింఛనులో ఎనభై ఏళ్లలోపు వారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. నేటికీ అంతే. డెబ్బై దాటిన వారందరికీ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల చికిత్స అన్నారు. మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో మంచం మీద గడిచే రోజులకు ఆ కార్డు పనికిరాదు.

ఈ కోత అందరికీ తగిలేదే. మనకు మరింత లోతుగా తగులుతుంది. ముస్లిముల్లో స్వయం ఉపాధి మీద, ఇంటిపట్టున చేసే పనుల మీద బతికేవారు ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. మెకానిక్‌కు, దర్జీకి, పండ్ల బండి నడిపేవాడికి ఉద్యోగ విరమణ పింఛను లేదు, ఈఎస్ఐ లేదు. అత్తగారు మంచానపడితే బీడీలు చుట్టే కోడలు చాట పక్కన పెట్టాలి. ఆ రోజు కూలి పోయినట్టే.

మరో మార్గం లేకపోలేదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు మంచానపడిన వారి ఇళ్లకే వెళతారు. ముస్లిములు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు వాలంటీర్లే ఈ పనికి పునాది వేశారు. తరువాత స్థానిక సంస్థలు నిధులతో ముందుకొచ్చాయి. సమాజం ప్రభుత్వాన్ని వదిలిపెట్టలేదు, పనిలోకి లాగింది. మన చరిత్రలోనూ ఈ ఆలోచన ఉంది. డమాస్కస్‌లో 1154లో నూరుద్దీన్, కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రులు వక్ఫ్ ఆదాయంతో నడిచాయి. రోగి వైద్యం పాలకుడి దయ మీద ఆధారపడకూడదన్నదే అందులోని అంతరార్థం.

కాబట్టి కార్యకర్తలకు నా మనవి. ప్రతి మస్జిద్ పరిధిలో మంచానపడిన వారి జాబితా తయారుచేయండి, మతం చూడకుండా. జిల్లా ఆసుపత్రిలో ఉండవలసిన పది పడకల వృద్ధుల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి జరగవలసిన వృద్ధుల క్లినిక్, ఇంటికి రావలసిన సిబ్బంది ఏమయ్యారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయల పింఛను ఉంది. అర్హులకు ధ్రువపత్రాలు ఇప్పించండి. ప్రభుత్వ ఆశ్రమాలు ఎక్కడ వచ్చినా హలాల్ భోజనం, ఉజూకు నీళ్లు, నమాజుకు చోటు, స్త్రీలకు మహిళా సిబ్బంది ఉండాలని మొదటే కోరండి. దిక్కులేని వృద్ధురాలు తన దీన్ వదులుకొని నీడ వెతుక్కోవలసిన పరిస్థితి రాకూడదు.

జకాత్, సదఖా ఇవ్వండి. ఇస్తూనే, పన్నులు కట్టిన పౌరులుగా మన వాటా అడగండి. తల్లికి నర్సు కావాలని అడిగినవాడు తల్లిని వదిలించుకున్నవాడు కాడు. ఆమె హక్కు కోసం నిలబడినవాడు. అది కూడా ఖిద్మతే.

మన పెద్దల చివరి రోజులను అల్లాహ్ సులభతరం చేయుగాక! వారి హక్కు కోసం నిలబడే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.