ఇనాం వేరు, కూలి వేరు

(సూరత్ పాండేసరలో జరిగిన మన సంఘం సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ భద్రత మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంటర్మీడియెట్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. సిగ్నల్స్‌లో పనిచేశాను కాబట్టి కంప్యూటర్ అంటే భయం లేదు గానీ, ఇంజనీరును మాత్రం కాదు. అందుకని నాకు తెలిసినంత మేరకే మాట్లాడతాను. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను ఊరికే పరీక్షించి పెట్టే వాలంటీర్లకు ఆ సాఫ్ట్‌వేర్‌నే ఉచితంగా ఇస్తే న్యాయం జరిగినట్టేనా? ఇదీ ఈ రోజు నా ప్రశ్న.

ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. యాంటీవైరస్ కంపెనీలు కొత్త వెర్షన్‌ను బజారులో పెట్టేముందు 'బీటా' అని పేరు పెట్టి, ఇష్టమున్న వాళ్ళకు ఇస్తాయి. వాళ్ళు వాడి చూసి, ఎక్కడ ఆగిపోయింది, ఏ మంచి ఫైలును వైరస్ అని పట్టుకుంది, ఏ చెడ్డ ఫైలును వదిలేసింది అని రిపోర్టు రాయాలి. అందుకు బదులుగా చాలాచోట్ల ఇచ్చేది ఆరు నెలలకో, ఏడాదికో ఉచిత లైసెన్సు కీ.

కంపెనీకి సొంత ల్యాబ్ ఉండగా బయటివాళ్ళు ఎందుకు? మన పాండేసర జీఐడీసీలోనే చూడండి. ఒక మిల్లులో పదిహేనేళ్ళ నాటి విండోస్, ఇంకో మిల్లులో ఎవరో కుర్రాడు రాసిచ్చిన గేట్ పాస్ ప్రోగ్రాం, గుజరాతీ ఫాంట్లు, చేతులు మారే పెన్ డ్రైవులు, మధ్యలో కరెంటు పోవడం. ఇన్ని రకాల కలగాపులగం ఏ ల్యాబ్‌లోనూ తయారు చేయలేరు. అది మన దగ్గరే దొరుకుతుంది. అంటే వాలంటీరు ఇచ్చేది కేవలం తన టైము కాదు, కంపెనీ కొనలేని పరిస్థితిని ఇస్తున్నాడు.

ఇక నా సంగతి. రిటైరయ్యాక ఇక్కడ ఒక డైయింగ్ మిల్లులో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. 2021లో ఒక కంపెనీ బీటా తీసుకొని, ఉత్సాహం కొద్దీ గేటు ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించాను. మూడో రోజు పొద్దున అది మా గేట్ పాస్ ప్రోగ్రాంనే వైరస్ అనుకొని లాక్ చేసి కూర్చుంది. గ్రే క్లాత్ తెచ్చిన టెంపోలు లోపలికి రావు, తయారైన మాల్ బయటికి పోదు. నాలుగు గంటలు లైను కట్టి నిలబడ్డాయి. శేఠ్‌గారు నలుగురిలో నిలబెట్టి మాటలన్నారు. పడ్డాను, తప్పు నాదే. పనిచేసే మిషను మీద ట్రయల్ వేయకూడదని ఫౌజులో రంగరూటుకు కూడా తెలుసు. ఆ రాత్రే కూర్చొని ఫోటోలతో సహా రిపోర్టు పంపాను. పందొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. రెండు ముక్కల ధన్యవాదం, ఒక ఏడాది కీ. తర్వాతి వెర్షన్లో ఆ లోపం సరిచేశారు. సంతోషమే.

నా విషయం అంతటితో పోయింది. అసలు బాధ వేరే ఉంది. మా వీధిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద పనిచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన కొడుకు డిప్లొమా చదువుతున్నాడు, చురుకైనవాడు. ఈ టెస్టింగ్ పనికి అతణ్ణి పెట్టింది నేనే. 'పేరొస్తుంది, నేర్చుకుంటావురా' అన్నాను. రాత్రిళ్ళు మేలుకొని నాలుగు నెలల్లో ముప్ఫైకి పైగా రిపోర్టులు రాశాడు. అందులో ఒకటి పెద్దదే, మామూలు యూజరు కూడా యాంటీవైరస్‌ను ఆపేయగల దారి. దక్కింది మూడు కీలు. ఇంట్లో ఉన్నది ఒక్క పాత కంప్యూటరు. ఆ సెమిస్టరులో ఒక సబ్జెక్టు పోయింది.

వాళ్ళ నాన్న నా దగ్గరికొచ్చి కోప్పడలేదు. నవ్వుతూనే అన్నాడు: "తాళం చెవులు మూడు ఇచ్చిండ్రు సుబేదార్ సాబ్, ఇల్లేది?" తర్వాత నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "కొత్త బీము ఎక్కిచ్చిన నాడు పోగులు మస్తు తెగుతయి, మీటర్లు పడయి. గా దినం గూడ మీటరు లెక్కనే కడితే మేం మునిగినట్టే. మంచి సేటు అయితే గా దినానికి దినం కూలి ఇస్తడు. కట్ పీస్ చేతుల పెట్టి పొమ్మంటే అది ఇనాం అయితది గని కూలి అయితదా?"

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నదంతా ఆయన మాటలోనే ఉంది. లైసెన్సు కీ అనేది కట్ పీస్ లాంటిది. ఇచ్చేవాడికి ఇంకో కీ తయారు చేయడానికి ఖర్చు దాదాపు ఏమీ లేదు. పుచ్చుకునేవాడికి దాని విలువ అతని అవసరాన్ని బట్టి ఉంటుంది. పైగా ఏడాది కాగానే అతనే డబ్బు కట్టే ఖాతాదారు అవుతాడు. దాన్ని ఇనాం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. జీతం లెక్కలో వేస్తేనే తప్పు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. సరదాగా వాడి, నెలకు ఒకటి రెండు చిన్న లోపాలు చెప్పేవాడికి ఏడాది కీ చాలు. అతనికెలాగూ ఆ సాఫ్ట్‌వేర్ కావాలి, కొత్తది ముందుగా చూశానన్న తృప్తీ ఉంటుంది. ప్రతి రిపోర్టుకూ డబ్బు పెడితే ఇంకో రోగం వస్తుంది. 'కర్ల్' అనే ప్రసిద్ధ ప్రోగ్రాం నడిపేవాళ్ళు లోపాలకిచ్చే బహుమతిని 2026 జనవరి నెలాఖరుతో ఆపేశారు. కృత్రిమ మేధతో వండిన పనికిరాని రిపోర్టులు కుప్పలుగా రావడమే ప్రధాన కారణం.

అలాగే 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. మన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. 'క్లామ్ ఏవీ' అనే యాంటీవైరస్ కోడు అందరికీ తెరిచి ఉంటుంది. అక్కడ పనిచేయడం ఊరి చెరువు పూడిక తీయడం వంటిది. నీళ్ళు అందరివీ కాబట్టి అది శ్రమదానం. కానీ ఒకరి సొంత బావికి పూడిక తీసి, బదులుగా ఒక బిందె నీళ్ళు తెచ్చుకుంటే దాన్ని శ్రమదానం అనలేం.

ప్రపంచంలో ఈ గొడవ పాతదే. 2013లో యాహూ సైట్లలో లోపాలు కనిపెట్టిన ఒక స్విస్ సంస్థకు లోపానికి పన్నెండున్నర డాలర్ల చొప్పున కూపన్ ఇచ్చారు. అదీ యాహూ దుకాణంలో టీ షర్టులు, కప్పులు కొనుక్కోవడానికే. ప్రపంచమంతా నవ్వింది. అంతకుముందు తన సొంత డబ్బుతో టీ షర్టులు కొని పంపేవాణ్ణని అక్కడి భద్రతా అధికారి ఒకాయన రాశాడు. ఆ మనిషి మంచివాడే, పద్ధతే లేదు. తర్వాత యాహూ 150 నుంచి 15,000 డాలర్ల దాకా ఇస్తామని ప్రకటించింది.

మన వృత్తికి దగ్గరి ఉదాహరణ అమెరికా రక్షణ శాఖది. 2016 ఏప్రిల్, మే నెలల్లో 'హాక్ ద పెంటగాన్' అని పెట్టి, ముందే అనుమతిచ్చి, తమ సైట్లలో లోపాలు వెతకమన్నారు. 1,400 మందికి పైగా నమోదయ్యారు, 138 లోపాలు నిజమని తేలాయి. బహుమతులు సుమారు 75 వేల డాలర్లు, మొత్తం ఖర్చు లక్షన్నర డాలర్లు. బయటి కంపెనీకి ఇస్తే పది లక్షల డాలర్లు దాటేదని అప్పటి రక్షణ మంత్రే చెప్పాడు. మన దేశంలో 2020 మే నెలలో ఆరోగ్య సేతు లోపాలకు లక్ష రూపాయల దాకా బహుమతి ప్రకటించారు. ప్రభుత్వాలే ఈ పనికి విలువ కట్టాక, లాభాల మీద నడిచే కంపెనీలకు ఏం అడ్డం?

టెస్టింగ్ ఎంత ముఖ్యమో 2024 జులై 19న అందరూ చూశారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాలు నిలిచిపోయాయి. కాపలావాడే తలుపుకు అడ్డంగా పడిపోయినట్టయింది. ఆ ఫైలును ముందే తనిఖీ చేయాల్సిన ప్రోగ్రాంలోనే లోపం ఉందని కంపెనీ ఒప్పుకుంది.

ఇప్పుడు ఫౌజు పద్ధతి గుర్తు చేసుకోండి. కొత్త సామాను వస్తే యూజర్ ట్రయల్‌కు యూనిట్లకు పంపుతారు. ఎడారి ఎండలో, ఎత్తైన మంచులో జవాన్లు వాడి చూస్తారు. అందుకు ప్రత్యేకంగా బహుమతేమీ ఉండదు. అయినా అన్యాయం జరిగిందని మనం ఎప్పుడూ అనుకోలేదు. ఎందుకని? జీతం నడుస్తుంది, రేషన్ నడుస్తుంది, దెబ్బ తగిలితే ఎంఐ రూమ్ ఉంది, సామాను విరిగితే జవాను జేబులోంచి కట్టక్కర్లేదు. అంటే నష్టం సర్కారుది. బీటా షరతుల్లో చూస్తే 'మీ సొంత బాధ్యత మీద వాడుకోండి' అని రాసి ఉంటుంది. నష్టం వాలంటీరుది, లాభం కంపెనీది. అన్యాయం ఉన్నది అక్కడే. కీ ఉచితమా కాదా అన్నది దాని తర్వాతి మాట.

అందుకని నా అభిప్రాయం ఇది. చిన్న లోపాలకు కీ ఇచ్చినా చాలు. భద్రతకే గండి కొట్టే పెద్ద లోపం చెప్పినవాడికి డబ్బు ఇవ్వాలి, ఎంతో ముందే రాసి పెట్టాలి. రిపోర్టుకు గడువులోగా జవాబివ్వాలి. ఒప్పుకుంటే అతని పేరు వేయాలి, రేపు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ పేరే సర్టిఫికెట్టు. బీటా వల్ల కంప్యూటరు పాడైతే బాగుచేసుకునే దారి చూపాలి.

మన పిల్లలకూ, మనకూ కొన్ని జాగ్రత్తలు. షరతులు పూర్తిగా చదివాకే చేరాలి. పనిచేసే మిషను మీద వేయకూడదు, విడిగా పాతది ఒకటి పెట్టుకోవాలి. వారానికి ఇన్ని గంటలే అని కట్టడి ఉండాలి, పరీక్షలప్పుడు అసలు వద్దు. అనుమతి లేకుండా ఎవరి సైట్లోనూ వేలు పెట్టకూడదు. 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. ఎక్కడైనా లోపం కంటబడితే సర్ట్-ఇన్‌కు తెలియజేయవచ్చు. సర్వీసులో ఉన్న సోదరులు ఆఫీసు కంప్యూటర్ల మీద ఇలాంటివి తలపెట్టనే వద్దు. బయట డబ్బు తీసుకోవాలన్నా ముందు పై అధికారుల అనుమతి ఉండాలి.

ఆ అబ్బాయి పోయిన సబ్జెక్టు తర్వాత పాసయ్యాడు. టెస్టింగ్ మానలేదు, కానీ ఇప్పుడు ముందు షరతులు చదివి, నాకు చూపించి, ఆ తర్వాతే చేరుతున్నాడు. మూడు కీలలో ఒకటి వాళ్ళ నాన్న పనిచేసే కార్ఖానా ఆఫీసులో వేయించాడు. 'ఎంత ఇమ్మంటవు' అని అక్కడి గుమాస్తా అడిగితే, 'ఇది ఇనాంగా వచ్చింది, ఇనాంగానే ఇస్తున్నా' అన్నాడట. ఊరికే ఇవ్వడం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. చేసిన పనికి కూలి అడగడమే మనం నేర్పాలి.