యాసిడ్‌ మీద బ్లీచింగ్‌ వద్దు

మరుగుదొడ్డిలో మొండి మరకలు వదలాలని యాసిడ్ పోసి, దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవారున్నారు. రెండూ కలిస్తే శుభ్రత రెట్టింపవుతుందని వారి నమ్మకం. కానీ బ్లీచింగ్‌లో క్రిములను చంపే క్లోరిన్, యాసిడ్ తగలగానే వాయువై పైకి లేస్తుంది. 1915లో యుద్ధ సమయాన బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల ఊపిరితిత్తులను దెబ్బతీసింది ఈ వాయువే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కనుక, కిటికీ లేని గదిలో నేలకు దగ్గరగా, వంగి రుద్దే మనిషి ముఖం దగ్గరే పేరుకుంటుంది. పైగా క్లోరిన్ గాలిలో కలిసిపోయాక క్రిములను చంపే బలమూ తగ్గిపోతుంది.

ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా అంటారు కొందరు. తెరిచి ఉన్న తలుపో, తక్కువ మోతాదో అప్పటికి కాపాడి ఉండొచ్చు; రేపటికి అది హామీ కాదు. ఒకటి వాడి, నీళ్లతో బాగా కడిగేశాక, రెండోది మరో రోజున వాడండి. ఘాటు తగిలితే పని వదిలేసి వెంటనే బయటికి రండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.