కథలో మారిన చెట్టు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నిరుడు మా హాస్టల్లో ఏడో తరగతి పిల్ల నాయనమ్మ కథ రాసి చూపించింది. జీలుగు చెట్టు ఉండాల్సిన చోట కొబ్బరి చెట్టు ఉంది. "ఇదేంటమ్మా?" అంటే, "పుస్తకాల్లో కొబ్బరే ఉంటుంది కదా మేడం" అంది.

నాకు బీఈడీలో చదివిన బార్ట్‌లెట్ గుర్తొచ్చాడు. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త. ఉత్తర అమెరికా ఆదివాసుల దయ్యాల యుద్ధం కథను ఇంగ్లండు వాళ్ళ చేత చదివించి, తర్వాత గుర్తున్నది రాయించాడు. కథ పొట్టిదైపోయింది. కెనూ, అంటే దోనె, మామూలు బోటయింది. సీల్ వేట చేపల వేటయింది. అర్థంకాని దయ్యాలను కొందరు వదిలేశారు. కావాలని కాదు. మనసు తనకు తెలిసిన అచ్చులోనే పోసుకుంటుంది. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది.

బయటివాళ్ళే మన కథ మారుస్తారనుకున్నాను అప్పుడు. నేనేం తక్కువ? మా అమ్మ విత్తనాల పాట పాడబోతే సగంలో సినిమా రాగం వచ్చేస్తోంది. సరిచేయడానికి అమ్మ లేదు.

మీ ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు ఫోన్లో రికార్డు చెయ్యండి, మన భాషలోనే.

ఆ పిల్ల దసరా సెలవుల్లో తను రాసింది చదివి వినిపిస్తే నాయనమ్మ ఒకటే నవ్వట. "కొబ్బరి చెట్టుకి జీలుగు కల్లు కారుద్దా?" అందట.