పెళ్ళి చేస్తే తగ్గే జబ్బు
(చింతలపూడిలో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మామిడి కోతల రోజుల్లో కూలి మానుకుని వచ్చారు గనక సూటిగా విషయానికొస్తాను.

మా వీధిలో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఉండేది. ఉన్నట్టుండి పళ్ళు గిట్టకరిచి పడిపోయేది. గాలి సోకిందని వేపమండలతో కొట్టారు. చివరికి ఒక డాక్టరు, "హిస్టీరియా. పెళ్ళి చేయండి, అదే తగ్గుతుంది" అన్నాడు. చేసేశారు. ఎవరిని చూసి పడిపోతోందని ఆ పిల్లని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

ఆ డాక్టరు మాట కొత్తదేం కాదు. హిస్టీరియా అన్న పేరే గర్భసంచికున్న గ్రీకు మాటలోంచి వచ్చింది. పెళ్ళీ కానుపే దానికి మందని ప్రాచీన గ్రీకు వైద్యులే రాశారు.

1896 ఏప్రిల్ 21న వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ 18 మంది రోగుల సంగతి తోటి డాక్టర్లకు చెప్పాడు. వారిలో 12 మంది స్త్రీలు. పసితనంలో జరిగిన లైంగిక అఘాయిత్యమే ఈ జబ్బుకు మూలమన్నాడు. అధ్యక్షుడు క్రాఫ్ట్-ఎబింగ్ అదంతా శాస్త్రం ముసుగేసుకున్న కట్టుకథలా ఉందన్నాడు. ఈయన లైంగిక వికారాల మీద 1886లోనే పుస్తకం రాసినవాడు! పచ్చి వివరాలు మామూలు జనానికి అర్థం కాకుండా లాటిన్‌లో పెట్టాడు. అంటే వికారాల గురించి పండితులు మాట్లాడుకోవచ్చు, పరువుగల ఇళ్ళలో జరిగేదాని గురించి మాత్రం కూడదు.

ఏడాది తిరిగాక, 1897 సెప్టెంబరులో, ఫ్రాయిడే వెనక్కి తగ్గాడు. ఇన్ని ఇళ్ళలో తండ్రుల్ని తప్పుపట్టాల్సి వస్తుందన్నది స్నేహితుడికి రాసిన కారణాల్లో ఒకటి. ఆడవాళ్ళని కూర్చోబెట్టి వినడం ఆయన నేర్పాడు, కాదనను. కానీ 1900లో వచ్చిన 18 ఏళ్ళ "డోరా" సంగతి చూడండి. చిన్న వయసులో తండ్రి స్నేహితుడు బలవంతంగా ముద్దుపెట్టుకున్నాడని చెప్పింది. ఫ్రాయిడ్ నమ్మాడు. నమ్మి కూడా, ఆమెకు కలిగిన అసహ్యమే హిస్టీరియా లక్షణమన్నాడు! పదకొండు వారాలకే ఆమె వైద్యం మానేసింది. తర్వాత ఆ ఇంటికి తనే వెళ్ళి, నిలదీసి, అతనితో నిజం ఒప్పించింది.

అమెరికా మనోవైద్యుల జాబితా నుంచి హిస్టీరియా పేరు 1980లో పోయింది. మన ఊళ్ళలో పోలేదు. పడిపోయే పిల్ల కనిపిస్తే ముందు మూర్ఛ పరీక్ష చేయించండి. తర్వాత ఇంట్లోవాళ్ళు లేనప్పుడు మాట్లాడండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులు బిడ్డ ఇంటికో, తను కోరిన చోటికో వచ్చి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. స్టేషనుకు రమ్మంటే 24వ సెక్షన్ చూపించండి. భోజనాలయ్యాక ఆ సెక్షన్ అందరం కలిసి చదువుదాం.