ఒక్క మెతుకు చాలునా?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. పాత్రలో పెంచిన మానవ మూలకణముల యెడ ఈ న్యాయము చెల్లదని మేము మనవి చేయుచున్నాము.

మూలకణము శరీరమందలి ఇతర కణములుగా మారగలదు. మానవపిండమునుండి వీనిని వేరుచేసి పెంచుట 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున థామ్సన్ బృందమునకు సాధ్యమైనది. 2007లో జపాను శాస్త్రజ్ఞుడు యమనాక పెద్దవారి చర్మకణములనే అట్టివానిగా మార్చి చూపెను.

ఒకే కణపు సంతతియై, ఒకే పోషకద్రవమున పెరిగినను ఇవి అచ్చు గ్రుద్దినట్లుండవు. ఒకటి విభజనకు సిద్ధమగుచుండగా, వేరొకటి అప్పుడే నాడీకణమగు దారి పట్టుచుండును. పూర్వము లక్షలకొలది కణములను కలిపి పరీక్షించుటచే సగటు మాత్రమే తెలిసెడిది. తేడాలు అందులో మునిగిపోయెడివి.

ఏ జన్యువు పనిచేయుచున్నదో తెలుపునది కణమందలి ఆర్.ఎన్.ఏ. ఒక్క కణమునుండియే దానిని విస్తారముగా చదువు పద్ధతి 2009లో వెలువడినది. ఒక కణమున అది గ్రాములో లక్షకోట్లవ వంతులు సుమారు పది మాత్రమే యుండును! దానికి ప్రతులెత్తి, ఏ కణమునుండి వచ్చినదో గుర్తు తగిలించి చదువుదురు. కొంత జారిపోక తప్పదు. కావున కనబడని జన్యువు పనిచేయుటయే లేదని తీర్మానించుట తొందరపాటు. విభజన వలని తాత్కాలిక భేదమును శాశ్వత భేదముగా భ్రమించుటయు గలదు.

ఇంత శ్రమ యేల? 2014లో జపానులో ఒక వృద్ధురాలి చర్మకణములనుండి ఇట్లు తయారుచేసిన పొరను ఆమె కంటిలో అమర్చిరి. ఇట్టి చికిత్సలలో మారక మిగిలిన మూలకణములు, కొలదియైనను, కంతిగా పెరుగవచ్చును. సగటులో దాగిపోవు ఆ కొలది కణములను విడివిడిగా చదివి పట్టుకొనుటకు వీలున్నది.