పాసుబుక్కులో మన పేరు



మనం కార్ఖానాలో ఉంటున్నా, చాలామందికి ఊళ్లో అరెకరమో ఎకరమో ఉంది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం వైపు పొలాల్లో ఇసుక మేట వేసింది. పంట నష్టానికి ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది. మేట మూడంగుళాలు దాటితే, తీయించుకోవడానికి సన్న, చిన్నకారు రైతులకు అప్పటి విపత్తు నిధి నిబంధనల్లో హెక్టారుకు 18,000 ఉండె.

మా సంఘంలో ఒక అక్క పొలం మునిగింది. పాసుబుక్కు చనిపోయిన భర్త పేరునే ఉండె. డబ్బు రాలేదు. అప్పు చేసి ట్రాక్టరు పెట్టించింది. రెండు కిస్తీలు మేమే కలిసి కట్టినం.

అందుకే చెప్తున్నాం, విరాసత్ ఇప్పుడే చేయించుకోండి. ఇసుక ఎత్తకముందే ఫోటో తీసి వ్యవసాయ విస్తరణాధికారికి చూపించండి. జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. ఆఫీసుకు తోడు కావాలంటే సంఘంలో చెప్పండి, మేమొస్తాం.